ఒక్క పోగుకైనా ముడి

సచిన్ పారిశ్రామిక వాడలోని ఆ కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచెలున్నాయి. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చినవాళ్లు మరమగ్గాన్ని సాంచె అనే పిలుస్తారు. గురువారం మధ్యాహ్నం ఆ ఇరవై నాలుగింటి నెత్తి మీదా ఎర్ర దీపాలు ఒక్క క్షణంలో వెలిగాయి. పేక పోగు తెగి సాంచె ఆగిపోయిందనడానికి గుర్తు ఆ దీపం. దాన్ని చూడగానే పనివాడు పరుగున వచ్చి తెగిన పోగు కలపాలి. పనివాళ్లు పరుగున వచ్చారు కూడా. తీరా చూస్తే ఒక్క పోగూ తెగలేదు, ఒక్క సాంచె కూడా ఆగలేదు. బట్ట తన మానాన తాను నేసుకుపోతోంది, నెత్తిన దీపం మాత్రం ధగధగలాడుతోంది.

"ఏంది పరమేశన్నా, ఇరవై నాలుగు బోనాలు ఒక్కపారే ఎత్తిచ్చినవ్? మొక్కేమన్న ఉన్నదా?" అన్నాడు మహేశ్ అనే పనివాడు. చుట్టూ ఉన్నవాళ్లు సాంచెల మోతను మించి నవ్వారు.

దీపాల పనితీరు చూడ్డానికి వచ్చిన పరమేశ్ కూడా నవ్వుతూనే గబగబా పెట్టె వైపు నడిచాడు. ఆ దీపం వెలిగించే ఆజ్ఞను కోడ్‌లోకి ఎక్కించింది అతనే. అదీ నిన్న సాయంత్రమే; పెట్టెల్లోకి వెళ్లింది ఈ మధ్యాహ్నం.

పరమేశ్‌కు నలభై రెండేళ్లు. సూరత్‌లోని ఆల్థాన్‌లో ఫర్నిచర్ దుకాణం పై అంతస్తులో ఏడుగురు పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు అతనిది. సాంచె ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏ పోగు తెగింది అనే సంగతులు చూసి చెప్పే పెట్టెలను వాళ్లు తయారు చేస్తారు. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రామ్ రాసేవాళ్లలో పరమేశ్ ఒకడు. చదువు ఇంటర్‌తో ఆగింది. ఇంజనీరింగ్ కాలేజీ గడప ఎన్నడూ తొక్కలేదు. అయినా కిటికీ పక్క కుర్చీ అతనిది, ఆ కుర్చీ ఎదుట ఉన్న తెర అతనిది. పద్నాలుగు నెలల కిందట ఆ కుర్చీ దక్కింది.

అంతకుముందు జీవితమంతా అతను నేల మీదే కూర్చున్నాడు. పదిహేడో ఏట సూరత్ వచ్చినప్పుడు, భుజాల్లో బలం చాలదని సాంచెల మీద పెట్టుకోలేదు. బీమ్ పాసింగ్‌లో వేశారు. కొత్త పడుగు చుట్టిన పెద్ద రోలరు, అంటే బీమ్, వచ్చినప్పుడల్లా, దానిలోని నాలుగు వేల పోగులను ఒక్కొక్కటిగా కొక్కెంతో లాగి, చట్రాలకు ఉండే సూది బెజ్జాల్లాంటి కళ్లలోంచి దూర్చి, వరుస తప్పకుండా అవతలికి తీయడం ఆ పని. మొదటి పోగు మొదటి చట్రానికి, రెండోది రెండోదానికి, అలా చివరి చట్రం దాకా వెళ్లి మళ్లీ మొదటికి రావాలి. ఒకే చట్రంలో దూరిన పోగులన్నీ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. పద్దెనిమిదేళ్లు ఈ పని చేసినవాడి కంటికి, ఒక వరుసలో నిలిచినవి ఒకే మాట వింటాయనే నమ్మకం ఎముకల్లోకి ఇంకిపోతుంది.

ఆ కంటిచూపు చూసే ఉమాకాంత్ అతన్ని తీసుకున్నాడు. ఆఫీసు యజమాని ఉమాకాంత్ కూడా కరీంనగర్ వైపు పద్మశాలి కుటుంబంలో పుట్టినవాడే. సూరత్‌లోనే పెరిగి, డిప్లొమా చదివి, మొదటి పెట్టెను తన చేతులతో తయారు చేశాడు. పరమేశ్‌కు ఒక పనిముట్ల బ్యాగు ఇచ్చి కార్ఖానాల చుట్టూ తిప్పాడు. తీగలు బిగించడం, సెన్సార్లు సర్దడం, పెట్టెల్లో ముందుకు పరిగెత్తే గడియారాలను ప్రతి సోమవారం వెళ్లి వెనక్కి తిప్పడం, ఇలా ఆరేళ్లు గడిచాయి. ఆ ఆరేళ్లలో పరమేశ్ బస్సులో కూర్చుని ఫోన్‌లో హిందీ పాఠాలు విన్నాడు. వింటూ వింటూ ప్రోగ్రామ్ రాయడం నేర్చుకున్నాడు. వేలితో లాగిన పోగును ఇప్పుడు ఆలోచనతో లాగుతున్నట్టు అనిపించింది అతనికి. కుర్చీ దొరికిన రోజున భార్య అనురాధ చేసిన వ్యాఖ్య ఇది: "నీ మోకాళ్ల నొప్పులు తగ్గుతయేమో గని, మాటలు మస్తు పెరుగుతయ్ ఇగ."

రెండూ జరిగాయి.

శుక్రవారం ఉదయం ఉమాకాంత్ అతన్ని పిలిచాడు. అక్కడే కౌండిన్య కూడా ఉన్నాడు. కాకినాడ వాళ్లబ్బాయి. తండ్రి మురళీ, సూరత్ పక్కనే ఉన్న హజీరాలో ఇంజనీరు. ముప్పై ఏళ్లకే ఆఫీసులో అందరికన్నా బాగా కోడ్ రాస్తాడని పేరు తెచ్చుకున్నాడు. పరమేశ్‌కు చేయి పట్టి నేర్పింది కూడా అతనే.

తప్పు ఎక్కడుందో అప్పటికే తేలిపోయింది. పాత కోడ్‌లో 'పేక తెగితే' అని ఒక షరతు ఉంది. దాని కింది వరుసలో, కాస్త లోపలికి జరిపి, 'సాంచె ఆపు' అనే ఆజ్ఞ ఉంది. పరమేశ్ దాని కింద, సరిగ్గా అదే నిలువులో, 'దీపం వెలిగించు' అని చేర్చాడు. రెండూ ఒకే చట్రంలో దూరిన పోగుల్లాగా ముచ్చటగా కనిపించాయి. అయితే యంత్రానికి నిలువు వరుస కనిపించదు. ఒక షరతు కింద ఎన్ని ఆజ్ఞలున్నాయో దానికి చెప్పాలంటే ఆ ఆజ్ఞలను ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పెట్టాలి. బ్రాకెట్లు లేకపోతే షరతు తన వెంటనే ఉన్న ఒక్క ఆజ్ఞతో ఆగిపోతుంది. తరువాతి ఆజ్ఞ షరతుతో పని లేకుండా ప్రతిసారీ అమలవుతుంది. అందుకే పోగు తెగినా తెగకున్నా దీపం వెలిగింది. పరమేశ్ బుధవారం ఆఫీసులోని నమూనా పెట్టె మీద పరీక్షించాడు కూడా. పోగు తెగినట్టు సంకేతం ఇచ్చి చూశాడు, 'సాంచె ఆపు' పనిచేసింది, దీపం వెలిగింది, సంతోషించాడు. పోగు తెగనప్పుడు ఏమవుతుందో చూడాలని తోచలేదు.

"సేటు నవ్విండు గాబట్టి బతికినం పరమేశ్," అన్నాడు ఉమాకాంత్. "కోపానికి వస్తే మన డబ్బాలన్నీ పీకి రోడ్డు మీదేస్తుండె."

"తప్పు నాదే అన్నా."

"నీదేనని తెల్సు. గందుకే చెప్తున్న. సోమారం సంది మళ్ల బ్యాగు తీస్కో. ఫీల్డుల నీ అంత మనిషి సూరత్‌ల లేడు, దేవుని తోడు. కోడ్ కౌండిన్య చూస్కుంటడు. చాల్సే?"

గుజరాతీలో అన్న ఆ చివరి మాటకు 'సరిపోతుందా' అని అర్థం. అడిగిన తీరు చూస్తే అది ప్రశ్న కాదు. విచారణ లేకుండానే తీర్పు వచ్చేసింది, అదీ అభిమానంతో కూడిన తీర్పు. ఇలాంటి తీర్పులకు అప్పీలు చేసుకోవడం మరీ కష్టం.

కౌండిన్య కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. "ఉమాకాంత్ గారూ, ఆ పై రెండు వరుసలూ నావేనండీ. బ్రాకెట్లు పెట్టనిది నేను."

"నువ్వు రాసినప్పుడు నడిచింది గదా?"

"నా దగ్గర ఒక్క ఆజ్ఞే ఉంది కాబట్టి నడిచింది. ఆయన రెండోది చేర్చారు కాబట్టి పడింది. గుంత తవ్వినవాణ్ణి వదిలేసి పడినవాణ్ణి శిక్షిస్తే ఎలా?"

ఉమాకాంత్ ఆ మాటను చేత్తో తోసేశాడు. అప్పుడు పరమేశ్ నోరు విప్పాడు. కుర్చీ కావాలని అడగడానికి అతనికి సిగ్గుగా ఉంది. నలభై రెండేళ్ల మనిషి కుర్చీ కోసం బతిమాలుకోవడమేమిటి? అందుకని మరో దారిలో వచ్చాడు.

"అన్నా, నేను ఫీల్డుకు పోత. నా జాగల ఇంకొకడు కూసుంటడు. వాడు గూడ కింద ఇంకో వరుస పెడతడు. వాన్ని గూడ ఫీల్డుకు పంపుతవా?"

"పంపుత."

"వాని తర్వాత వచ్చినోన్ని?"

"అయితే ఫీల్డుల మస్తు మందైతరు తియ్," అని ఉమాకాంత్ నవ్వేశాడు. ఆ నవ్వుతో పట్టు కాస్త సడలింది.

"మనుషుల్ని మార్చుడు గాదన్నా. రూలు లేదు మన కాడ. బ్రాకెట్ పెట్టాల్నా వద్దా అని ఎవ్వలూ చెప్పలే. చెప్పని రూలు తప్పినవని నన్నంటే నేనేం జేద్దు?"

ఆ మాటలో ఉన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. ముందు చట్టం, తరువాతే నేరం. పరమేశ్ అది ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఉమాకాంత్ గడ్డం గోక్కున్నాడు.

"సరే. రూలు నువ్వే పెట్టు. సోమారం సాయంత్రం దాకా టైం. పాత కోడంతా ఆ రూలు కింద పాస్ కావాలె, సచిన్‌ల దీపాలు బరాబర్ నడవాలె. అయితే నీ కుర్చీ గురించి మాట్లాడుదం. కాకుంటే బ్యాగు."

శనివారం ఉదయం పరమేశ్, కౌండిన్య ఒకే తెర ముందు కూర్చున్నారు. కోడ్‌ను నడపకుండా చదివి, ఆఫీసు పెట్టుకున్న నియమాలకు విరుద్ధంగా ఉన్న చోట ఎర్ర గీత గీసే లింటర్ అనే తనిఖీ ప్రోగ్రామ్ వాళ్ల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. దానికి నియమాలు చెప్పే ఫైలు మాత్రం దాదాపు ఖాళీగానే ఉంది. షరతుల కింద బ్రాకెట్ల విషయంలో ఆ లింటర్ ఒప్పుకునే మార్గాలు రెండు. ఒకటి, ఎప్పుడైనా ఎక్కడైనా బ్రాకెట్లు తప్పనిసరి. రెండు, ఒకటికి మించి ఆజ్ఞలున్నప్పుడే తప్పనిసరి, ఒక్కటే అయితే వద్దు.

"రెండోది పెడదామండీ పరమేశ్ గారూ," అన్నాడు కౌండిన్య. "ఒక్క ఆజ్ఞకి రెండు బ్రాకెట్లంటే, ఒక్క మనిషి భోజనానికి పందిరి వేసినట్టుంటుంది."

"సారూ, ఒక ముచ్చట చెప్పాల్నా?"

"మీరు చెప్పకపోతే ఊరుకుంటారా?"

"మొండయ్య కాక అని మా ఉస్తాదు ఉండె, బీమ్ పాసింగ్‌ల. దూర్చిన పోగుల్ని గుత్తి గుత్తి కట్టి ముడెయ్యాలె. లేకుంటే జారిపోతయ్. ఒకపారి వరుస చివర నాకు ఒక్క పోగే మిగిలింది. ఒక్క పోగుకు ముడేందని ఇడిసిపెట్టి చాయ్‌కి పోయిన. నేనొచ్చేలోపు ఇంకొకడు కూసున్నడు. వానికేమెరుక? నా పోగు జారింది, వాడు తన పోగు ఆ కంట్ల దూర్చిండు. అంతే. ఆడి నుంచి ఒక్కొక్క పోగు ఒక్కొక్క ఇల్లు జరిగింది. బట్ట తాను మొత్తం గీత పడ్డది."

"తిట్టారా?"

"తిడితే బాగుండు. మొత్తం ఇప్పించి మళ్ల మొదటి సంది దూర్పించిండు. నాలుగు వేలు. పక్కన కూసోని బీడీ తాగుకుంట ఒక్కటే మాటన్నడు. 'గుత్తి ఎప్పుడు జారదురా, అందరి కన్ను దాని మీదనే ఉంటది. ఒక్క పోగు కాడనే జారతది' అని."

కౌండిన్య ఆ మాటను తెర మీది కోడ్‌కు అన్వయించుకున్నాడు. రెండు ఆజ్ఞలు రాసేవాడు బ్రాకెట్లు ఎలాగూ పెడతాడు. ఒక్కటే కదా అని వదిలేసిన చోటుకే రేపు రెండోది వచ్చి చేరుతుంది. అతను ఎంచుకోబోయిన నియమం, ప్రమాదం ఉన్న ఒక్క చోటునే వదిలేసి మిగతా చోట్ల కాపలా కాస్తుంది. ఆ సంగతి అర్థం కాగానే మొదటి మార్గాన్నే ఫైలులో రాశాడు. తెలివైనవాడికి ఉండే మంచి గుణం అది. ఓడిపోయానని తెలిశాక కాలయాపన చేయడు.

"పెద్దవాళ్లకి మాత్రం ఒక సడలింపు పెడదామా? అత్యవసరమైతే ఒక వరుస రాసి ఈ నియమాన్ని పక్కన పెట్టే వీలు?" అని మళ్లీ అడిగాడు.

"పెద్దోళ్లకొక రూలు, చిన్నోళ్లకొక రూలా సారూ?"

"సరే, అది ఉమాకాంత్ గారిని అడుగుదాం."

నియమం అమల్లో పెట్టి పాత కోడ్ మీద నడిపారు. తెర ఎర్రబడింది. వెయ్యిన్నూట నలభై ఆరు చోట్ల బ్రాకెట్లు లేవు. ఏడేళ్లలో ఆఫీసులో పనిచేసిన ప్రతివాడూ ఎక్కడో ఒకచోట వదిలేశాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమయ్యాయంటే ఇదే కాబోలు.

కౌండిన్య నవ్వుతూ కీబోర్డు మీద చేయి వేశాడు. "భయపడకండి. దిద్దమంటే లింటరే దిద్దేస్తుంది. వెయ్యి చోట్లా బ్రాకెట్లు పెట్టడానికి నిమిషం పట్టదు."

"జర ఆగు సారూ."

"ఎందుకండీ?"

ఎందుకో పరమేశ్‌కు తెలియదు. నాలుగు వేల పోగుల పనిని నిమిషంలో చేస్తానంటే అతని మనసు ఒప్పుకోలేదు, అంతే. ఆ చోట్లన్నింటినీ, పైనా కిందా రెండేసి వరుసలతో కలిపి, కాగితాల మీద ముద్రించుకున్నాడు. నూట ముప్పై కాగితాలయ్యాయి. కట్టను పాత పనిముట్ల బ్యాగులోనే పెట్టుకుని బస్సెక్కాడు.

కోసాడ్ కాలనీలో వాళ్ల ఇల్లు మూడో అంతస్తులో ఒకటిన్నర గది. ఆదివారం పొద్దున ఆ గదిలో సగం నేల అనురాధది, సగం పరమేశ్‌ది. ఆమె ఇంట్లోనే చీరల మీద టిక్కీలు అంటిస్తుంది. గుజరాతీ సేటు ఇచ్చిన డిజైను కాగితం పక్కన పెట్టుకుని, చీర పరుచుకుని, జిగురు చుక్క పెట్టి మెరుపు రాయి ఒత్తుతూ ఉంటుంది. పరమేశ్ తన వంతు నేల మీద కాగితాలు పరిచాడు. ఎన్నో ఏళ్ల తరువాత మళ్లీ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మళ్ల నేల మీదికొచ్చినవ్," అంది అనురాధ.

"వచ్చిన. రేపటి సంది మోకాళ్ల నొప్పులు గూడ వస్తయ్."

"ఏందది, పరీక్ష పేపర్లా?"

అతను చెప్పాడు. రూలు సంగతి, వెయ్యి చోట్ల సంగతి, కుర్చీ సంగతి. చివరిదాన్ని గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె వినీ విననట్టు టిక్కీ ఒత్తుతూనే ఉంది.

"మిషినే దిద్దుతదంటున్నవ్ గదా, నువ్వెందుకు కూసున్నవ్?"

"మనసొప్పుతలేదు. ఎందుకో చెప్పస్తలేదు."

"నాకస్తది చెప్పుడు. చూడు, ఈ డిజైన్ కాగితమే తప్పున్నదనుకో. కాగితం చూసి నేను అంటిస్తే ఏమైతది? తప్పే అంటుతది. మంచిగ, గట్టిగ, సక్కగ అంటుతది. అటెన్క గోటితోని పీకినా రాదు."

పరమేశ్ చేతిలో ఎర్ర పెన్సిల్ ఆగిపోయింది. లింటర్‌కు మనిషి ఉద్దేశం తెలియదు. షరతు కింద మొదటి ఆజ్ఞ ఒక్కటే ఉందని యంత్రం ఎలా అర్థం చేసుకుంటుందో, లింటర్ కూడా అలాగే అర్థం చేసుకుని, ఆ ఒక్కదాని చుట్టూ బ్రాకెట్లు పెట్టేస్తుంది. తనలాగా ఎవరైనా రెండో ఆజ్ఞను అదే నిలువులో చేర్చి పొరపాటు చేసి ఉంటే, ఆ రెండోది శాశ్వతంగా బయటే ఉండిపోతుంది. తప్పుకు రాజముద్ర పడుతుంది. ఆ పైన చూసినవాడెవడూ అనుమానించడు, ఎందుకంటే అక్కడ బ్రాకెట్లు నిక్షేపంగా ఉంటాయి.

"నువ్వు మా ఆఫీసుకు రారాదే," అన్నాడు భార్యతో.

"కుర్చీ ఇస్తరా?"

"ముందు నాది దక్కనియ్."

పని విధానం ఇప్పుడు తేటపడింది. మొదటి ఆజ్ఞ కింద ఉన్న వరుస అదే నిలువులో నిలబడి ఉందా లేదా, అదొక్కటే చూడాలి. ఆ చూపు అతనికి పద్దెనిమిదేళ్ల సాధన. కాగితం తరువాత కాగితం తిప్పాడు. అన్నం తిన్నాడు. మళ్లీ తిప్పాడు. అనురాధ చీర పూర్తయి రెండో చీర సగమయ్యే వేళకు నూట ముప్పై కాగితాలూ అయిపోయాయి. పన్నెండు వందలకు కాస్త తక్కువ చోట్లలో, తన దీపం కాక, నాలుగు ఎర్ర టిక్కులు పడ్డాయి.

సోమవారం అందరికన్నా ముందు ఆఫీసుకు వచ్చి, ఆ నాలుగు చోట్లనూ తెర మీద తెరిచాడు. ఏ వరుసను ఎవరు ఏ రోజున రాశారో కోడ్ చరిత్రలో నమోదై ఉంటుంది. రెండు కౌండిన్యవి. ఒకటి ఎప్పుడో ఉద్యోగం మాని వెళ్లిపోయిన ఒకరిది. నాలుగోదాని పక్కన ఉన్న పేరు చూసి పరమేశ్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఉమాకాంత్. ఏడేళ్ల కిందటి తారీఖు.

ఆ వరుసలు గడియారానికి సంబంధించినవి. షిఫ్టు మారినప్పుడల్లా పెట్టె ఒక ప్రశ్న వేసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయిందా? పోయి ఉంటే ఆ సంగతి రాసుకోవాలి, పెట్టె మళ్లీ లేవడానికి పట్టిన రెండు నిమిషాలు కలిపి గడియారాన్ని ముందుకు జరపాలి. రాసుకోవడం ఒక వరుస, జరపడం దాని కిందే ఇంకో వరుస, బ్రాకెట్లు లేవు. అంటే కరెంటు పోయినా పోకున్నా, షిఫ్టుకోసారి, ప్రతి కార్ఖానాలో, ప్రతి గడియారమూ రెండు నిమిషాలు ముందుకు గెంతుతూ వచ్చింది. ఆ గెంతులను వెనక్కి తిప్పడానికే ఆరేళ్లపాటు ప్రతి సోమవారం తను ఉన్ అనే శివారు నుంచి సచిన్ దాకా బ్యాగు వేసుకుని తిరిగాడు.

కోపం రావలసిన చోటు అది. పరమేశ్‌కు మొదట నవ్వొచ్చింది, తరువాత ఆలోచన వచ్చింది. ఈ నాలుగు పేర్లనూ అందరి ముందూ చదివితే కుర్చీ ఖాయం. మరి శుక్రవారం తనకు జరిగిందే ఇవాళ ఇంకొకరికి జరుగుతుంది. అతను ఒక కాగితం తీసుకుని నాలుగు చోట్లూ రాశాడు. ఫైలు పేరు, వరుస సంఖ్య, రాసినవారి ఉద్దేశం ఏమై ఉంటుంది, యంత్రం ఏం చేస్తోంది, ఎలా దిద్దాలి. మనుషుల పేర్లు రాయలేదు. శిక్ష వేసేవాడికి నేరస్థుడి పేరు కావాలి. తప్పు మళ్లీ జరగకుండా చూసేవాడికి తప్పు జరిగిన చోటు తెలిస్తే చాలు.

కౌండిన్య వచ్చి, కాగితం చదివి, తెర మీద వెతుక్కుని, చెవులు ఎర్రబడి లేచాడు. "మొదటిది నాది. మూడోదీ నాదే. శుక్రవారం మీ వైపు ఆ రెండు ముక్కలూ మాట్లాడకపోయి ఉంటే ఇవాళ ముఖం ఎక్కడ పెట్టుకునేవాణ్ణండీ?"

"నీది ముఖం తప్పు గాదు సారూ, బ్రాకెట్ తప్పు."

పదకొండింటికి ఉమాకాంత్ వచ్చాడు. అటుకుల పొహా పొట్లం బల్ల మీద పెట్టి, కాగితం అందుకుని నిలబడే చదివాడు. నాలుగో అంశం దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు. పెదవులు కదులుతున్నాయి. రోజుకు రెండు షిఫ్టులు, షిఫ్టుకు రెండు నిమిషాలు.

"పరమేశ్, ప్రతి సోమారం గడియారాలు దిద్దుటానికి పోతుంటివి గదా నువ్వు?"

"ఆరేండ్లు పోయిన అన్నా. ఇప్పుడు గూడ ఎవలో ఒకలు పోతనే ఉన్నరు."

"చిప్పు ఖరాబని చెప్పింది నేనే గదా?"

"చెప్పుడే గాదు, మూడుపార్లు మార్పిచ్చినవ్ గూడ."

ముందు కౌండిన్య నవ్వాడు, తరువాత మిగతా బల్లల వాళ్లు. అందరికన్నా ఆఖరున ఉమాకాంత్ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడంలో కొంత నవ్వు కానిది కూడా ఉంది.

"పేరెందుకు రాయలే?"

"పేరుతోని పనేమున్నదన్నా?"

"మరి రూలు ప్రకారం నేను గూడ ఫీల్డుకు పోవాలె గద?"

"నీకు స్క్రూడ్రైవర్ పట్టుడు రాదన్నా. సేటు మన డబ్బాలు నిజంగనే పీకేస్తడు."

ఆ మధ్యాహ్నమంతా దిద్దుబాటు సాగింది. ముందు ఆ అయిదు చోట్లనూ మనిషి చేత్తో సరిచేశారు. ఆ తరువాతే, మిగిలిన చోట్ల యంత్రం అర్థమూ మనిషి అర్థమూ ఒకటేనని తేలింది కాబట్టి, వాటిని లింటర్‌కు అప్పగించారు. కౌండిన్య చెప్పినట్టే నిమిషం కూడా పట్టలేదు. తెర మీద ఎర్ర గీత ఒక్కటీ మిగల్లేదు. నాలుగింటికి కొత్త ప్రోగ్రామ్ సచిన్ కార్ఖానా పెట్టెల్లోకి వెళ్లింది. ఈసారి పరమేశ్ ఫోన్ చేసి మహేశ్ చేత రెండు పరీక్షలు చేయించాడు. ముందు ఏ పోగూ తెంపకుండా, తరువాత ఒకటి తెంపి.

"ముందు ఏం ఎలుగలే అన్నా. ఇప్పుడు తెంపిన. ఏడో నంబర్ ఆగింది, దాని దీపమే ఎలిగింది. మిగతాయి నల్లగున్నయ్," అన్నాడు మహేశ్ మోతలో అరుస్తూ. తరువాత కాస్త నిరాశగా, "పండుగ లేనట్టేనా ఇగ?" అన్నాడు.

సాయంత్రం నియమాల ఫైలును ఖరారు చేయడానికి ముగ్గురూ కూర్చున్నారు. పెద్దవాళ్లకు సడలింపు ఉండాలా అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. కౌండిన్య తన ప్రతిపాదనను తనే ఉపసంహరించుకున్నాడు. ఉమాకాంత్ గడియారం తలచుకున్నాడేమో, "ఎవ్వలికీ లేదు. నాకు గూడ," అని బల్ల గుద్ది మరీ చెప్పాడు. పరమేశ్ ఆ మాటను ఫైలులో రాసి, ఏ వరుస రాసినా నియమాన్ని పక్కన పెట్టడం వీలుకాకుండా చేశాడు. ఉత్సాహంలో ఒప్పుకున్న నియమం చిరాకు రోజున కూడా నిలిస్తేనే అది నియమం అవుతుంది. ఆ రోజు రావడానికి ఎన్నో రోజులు పట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం పాండేసరా నుంచి ఒక కార్ఖానా మేనేజరు ఫోన్ చేశాడు. తమ తెర మీద ఒక సంఖ్య తప్పుగా వస్తోందట. ఉమాకాంత్‌కు జవాబు వెంటనే తట్టింది. ఎన్నో నెలల తరువాత తనే కీబోర్డు ముందు కూర్చుని, టకటకా ఒక షరతు, దాని కింద ఒక ఆజ్ఞ రాసి పంపబోయాడు. లింటర్ ఎర్ర గీత గీసి పంపనివ్వలేదు.

"పరమేశ్! దీన్ని ఒక్క రెండు నిమిషాలు బంద్ పెట్టు. మేనేజరు లైన్ మీదున్నడు."

"బంద్ పెట్టే తావు లేదన్నా. మొన్న నువ్వే వద్దంటివి."

"అరే, ఒక్కటే వరుస గద ఉన్నది ఇక్కడ!"

అందరూ చాలా శ్రద్ధగా తమ తమ తెరల వైపు చూస్తున్నారు. కౌండిన్య నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఉమాకాంత్ గుజరాతీలో ఏదో గొణిగి, ఒక బ్రాకెట్ తెరిచి, ఒకటి మూసి, మళ్లీ పంపాడు. ఈసారి వెళ్లింది. ఫోన్‌లో మేనేజరుతో "హో గయా భాయ్, దేఖ్ లో" అని, అయిపోయింది చూసుకోమని చెప్పి పెట్టేసి, కుర్చీ తిప్పుకుని పరమేశ్ వైపు చూశాడు. ముఖంలో చిరాకు ఇంకా పూర్తిగా పోలేదు గాని, దాని కింద నుంచి ఇంకేదో తొంగిచూస్తోంది.

"ఫీల్డుకు కొత్త మనిషిని మాట్లాడిన. పరుశురాం అని, ఉన్‌ల ఉంటడు. ఒకటో తారీఖు సంది వస్తడు. వైరింగ్ నువ్వే నేర్పాలె. జర కోడ్ గూడ చూపియ్, పిల్లగాడు తెలివైనోడు."

"చూపిస్త."

"ఇంకొకటి. సోమారం నీ కుర్చీ గురించి మాట్లాడుదమన్న. ఈ గడబిడల మాట్లాడనే లేదు."

పరమేశ్ తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు. కిటికీలోంచి వచ్చే ఎండ కీబోర్డు మీద సగం దాకా పరుచుకుంది.

"కూసోనే ఉన్న గదన్నా," అన్నాడు. "ఇగ మాట్లాడుడెందుకు?"